మౌల్వీ నజీర్ అహ్మద్ గారి ఉద్యోగ ప్రస్థానం

ఉర్దూ నవలా సాహిత్యానికి ఆద్యుడుగా పేరు గాంచిన డిప్టీ నజీర్ అహ్మద్ దెహ్లవీ గారి రచనలను మన కళాశాల ఉర్దూ విద్యార్థులు పాఠ్యభాగాలుగా చదువుతూనే ఉన్నారు. తెలుగు విద్యార్థులకు మాత్రం ఆ నామధేయం అంతగా పరిచితం కాదు. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో వెలువడసాగింది. దానికి తొమ్మిది సంవత్సరాల ముందు, 1869లో, నజీర్ అహ్మద్ గారి 'మిర్ఆతుల్ ఉరూస్' ఉర్దూలో వెలువడింది. ఇద్దరూ ఉపాధ్యాయ వృత్తిలో జీవితం ప్రారంభించినవారే. ఇద్దరూ స్త్రీవిద్య కొరకు కలం పట్టినవారే. ఇంతమాత్రం చెప్పితే మౌల్వీ సాహెబు ఎటువంటి స్థానం కలవారో తెలుగువారికి స్థూలంగా బోధపడుతుంది.

అయితే ఈ వ్యాసంలో మేము ఆయన నవలలను విమర్శించబోవడం లేదు. ఆయన పేరుకు ముందున్న 'డిప్టీ' అనే మాట బిరుదు కాదు, పండిత పురస్కారమూ కాదు. అది డిప్టీ కలెక్టరు ఉద్యోగం. ప్రజలు ఆ ఉద్యోగనామాన్ని ఆయన పేరులో ఎంతగా కలిపివేశారంటే, ఆయన ఆ కొలువు వదలి నూరేండ్లు దాటిపోయినా అది పేరును వదలలేదు. మసీదులో పడుకొని, ఇరుగుపొరుగు ఇండ్ల రొట్టె తిని చదువుకొన్న ఒక బాలుడు ఏయే కొలువుల మీదుగా, ఏయే యజమానుల చేతుల మీదుగా అంత దూరం ప్రయాణించాడు? ప్రతి కొలువూ ఆయనకు జీతం కాక మరేమి ఇచ్చింది, ఏమి తీసుకొన్నది? పట్టా చేతికి రాగానే ఉద్యోగం కొరకు వెదుకనున్న మన విద్యార్థులకు ఈ ప్రశ్నలు ఉపయుక్తమైనవని మా విశ్వాసం.

నజీర్ అహ్మద్ గారు నేటి ఉత్తర ప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా రేహడ్ గ్రామంలో జన్మించారు. జనన సంవత్సరం 1830 అని కొందరు, 1836 అని కొందరు వ్రాశారు. తండ్రి మౌల్వీ సాదత్ అలీ. వంశంలో విద్య ఉన్నది, సంపద లేదు. పిల్లలకు చదువు చెప్పి జీవించే ఆ తండ్రి కుమారునికి పారశీకమూ, అరబ్బీ వ్యాకరణమూ తానే నేర్పారు. అటుపిమ్మట బిజ్నోరులో డిప్టీ కలెక్టరుగా ఉండిన మౌల్వీ నస్రుల్లా ఖాన్ గారి వద్ద ఆ బాలుడు కొంతకాలం చదువుకొన్నాడు. తాను మున్ముందు అధిష్ఠించబోయే పదవిలో ఉన్న ఒక వ్యక్తిని అతడు బాల్యంలోనే, గురువు రూపంలో, దగ్గరగా చూశాడన్నమాట. ఆశకు ఒక ఆకారం ఉండాలి. ఎదుట అట్టి మనిషి లేనప్పుడు పేదయింటి పిల్లవాడు కోరుకొనడం కూడా నేర్చుకొనలేడు.

1842లో తండ్రి అతనిని ఢిల్లీకి తీసుకొనిపోయి పంజాబీ కట్రాలోని ఔరంగాబాదీ మసీదులో మౌల్వీ అబ్దుల్ ఖాలిక్ గారికి అప్పగించారు. అక్కడ విద్యార్థులకు రుసుము లేదు, భోజనశాలయూ లేదు. పిల్లలు వాడలోని ఇండ్లకు పోయి రొట్టెలు, కూర అడిగి తెచ్చుకొని కలిసి తినేవారు. గురువు గారి ఇంట మసాలా నూరడం, అంగడి నుండి సరుకులు తేవడం, పిల్లలను ఎత్తుకొని తిప్పడం వంటి పనులు కూడా శిష్యుల వంతే. మసాలా నూరేటప్పుడు ఆ ఇంటి చిన్నపిల్ల ఒకతె అతని చేతిలోని రాయి లాగుకొని వ్రేళ్లపై కొట్టేదట. ఆ బాలికయే తరువాత ఆయనకు సహధర్మచారిణి అయినది. వృద్ధాప్యంలో మౌల్వీ సాహెబు ఈ ముచ్చటను నవ్వుతూ చెప్పేవారని ఆయన శిష్యులు మీర్జా ఫర్హతుల్లా బేగ్ గారు తమ జీవితచిత్రణలో వ్రాశారు.

ఆయన జీవితంలో మొదటి పెద్ద మలుపు ఢిల్లీ కళాశాల ప్రవేశం. ఈ సంస్థకు మూలం అజ్మీరీ దర్వాజా వద్ద ఘాజీఉద్దీన్ ఖాన్ స్థాపించిన మదర్సా. ఆ ఘాజీఉద్దీన్ ఖాన్ హైదరాబాదు ఆసఫ్‌జాహీ వంశ స్థాపకుడైన నిజాముల్ ముల్క్ గారి తండ్రి. 1825లో ఆంగ్ల ప్రభుత్వం దానిని కళాశాలగా తీర్చిదిద్దింది. ఒకనాడు కళాశాలలో ఏదో ఉత్సవం జరుగుతున్నదని చూడబోయిన నజీర్ అహ్మద్ జనసమ్మర్దంలో తోపులాట వలన క్రింద పడ్డాడు. కళాశాల అధిపతి చూసి లేవనెత్తి, ఏమి చదువుతున్నావని అడిగి, అక్కడే ఉన్న సుప్రసిద్ధ పండితుడు ముఫ్తీ సద్రుద్దీన్ గారి చేత ప్రశ్నలు వేయించాడు. సమాధానాలు విని అబ్బురపడి కళాశాలలో చేర్చుకొన్నారు. నెలవారీ ఉపకార వేతనం లభించింది. 1846 ప్రాంతం నుండి సుమారు ఏడెనిమిది సంవత్సరాలు ఆయన అక్కడ చదివారు.

ఈ ఘట్టాన్ని అదృష్టమని కొట్టివేయవచ్చు. కాని క్రింద పడిన పిల్లవానికి ఇచ్చేందుకు ఆ సంస్థ దగ్గర ఉపకార వేతనం ఉండడం అదృష్టం కాదు. అది ఒక ఏర్పాటు. ఆ ఏర్పాటే లేకుంటే ముఫ్తీ గారి మెప్పు ఒక పూట మాటగా మిగిలి, బాలుడు తిరిగి మసీదు రొట్టెలకే పోయేవాడు.

ఢిల్లీ కళాశాలలో ఒక విశిష్టత ఉన్నది. అక్కడ గణితము, ప్రకృతి శాస్త్రాలు ఉర్దూ మాధ్యమంలో బోధించేవారు. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేసేందుకు కళాశాలతో అనుబంధంగా ఒక సంఘం కూడా పనిచేసింది. మాస్టర్ రామచంద్ర వంటి గణితవేత్తలు అక్కడ అధ్యాపకులు. ముహమ్మద్ హుసేన్ ఆజాద్, మున్షీ జకావుల్లా వంటి భావి మహనీయులు ఆయనకు సహవిద్యార్థులు. ఆంగ్ల శాఖలో చేరుటకు మాత్రం తండ్రి అనుమతించలేదు. కుమారుడు ఇంగ్లీషు చదువుటకన్న మరణించుటే మేలని తలచేంత పట్టుదల ఆయనది. నజీర్ అహ్మద్ తండ్రిమాట జవదాటక అరబ్బీ శాఖలోనే ఉన్నారు. ఆ దినాలలో ఆ నిర్ణయం వలన వెంటనే నష్టమేమీ కలుగలేదు. 1837లో న్యాయస్థానాల నుండి పారశీకాన్ని తొలగించిన తరువాత వాయవ్య రాష్ట్రాలలో ఉర్దూకే కచ్చేరీలలో చలామణి. ఉర్దూలో దిట్టమైన చేయి కలవానికి క్రింది మెట్టు మీద చోటు దొరికేది. పై మెట్టుకు మాత్రం ఇంగ్లీషు అవసరమయ్యేది. ఈ భేదం ఆయనకు కొలువులో ప్రవేశించిన తరువాతనే తెలిసివచ్చింది.

1854 ప్రాంతంలో పంజాబులోని గుజ్రాత్ జిల్లా కుంజాహ్ అనే చిన్న ఊరిలో ఆయనకు ఉపాధ్యాయ పదవి లభించింది. జీతం నెలకు 40 రూపాయలు. పంజాబు ఆంగ్లేయుల వశమై అప్పటికి ఐదేండ్లే. క్రొత్త రాజ్యానికి క్రొత్త బడులు, క్రొత్త బడులకు పంతుళ్లు కావలసి వచ్చారు. ఢిల్లీ వంటి నగరంలో పండితులకు కొదవ లేదు గనుక అక్కడ ఒక యువకునికి చోటు దొరకడం కష్టం. దూరపు పల్లెకు పోవుటకు సిద్ధపడినవానికి ద్వారం తెరచి ఉన్నది. సొంత ఊరు విడువలేక అవకాశాన్ని విడిచిపెట్టినవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నజీర్ అహ్మద్ గారు ఊరిని విడిచారు.

అనంతరం కాన్పూరులో పాఠశాలల డిప్టీ ఇన్స్పెక్టరుగా పదోన్నతి లభించింది. అయితే అక్కడ పై అధికారితో పొసగలేదు. స్వాభిమానం మెండుగా కల ఆ యువకుడు రాజీనామా ఇచ్చి ఢిల్లీకి తిరిగివచ్చారు. ఈ సంఘటన చిన్నదిగా కనుపించవచ్చు. కాని విద్యాశాఖలోని ఒక చిన్న ఉద్యోగి భవిష్యత్తు ఒక్క అధికారి ముఖప్రసన్నత మీద ఎంతగా ఆధారపడి ఉండేదో దీనివలన విదితమవుతుంది. నియమావళి బలహీనంగా ఉన్నచోట యజమాని స్వభావమే నియమావళి అవుతుంది. మౌల్వీ సాహెబు ఈ పాఠాన్ని మరువలేదు. ముప్పది సంవత్సరాల తరువాత దానిని ఒక నవలగా మలిచారు. ఆ సంగతి ముందు చెప్పుతాము.

ఆయన ఢిల్లీకి చేరిన కొలది కాలానికే 1857 తిరుగుబాటు చెలరేగింది. ఆ కల్లోలంలో గాయపడి వీధిలో పడియున్న లీసన్ అనే ఆంగ్ల స్త్రీని ఆయన అత్తవారి కుటుంబం రహస్యంగా ఇంటికి చేర్చి, వైద్యం చేయించి, అపాయం తప్పించి ఆంగ్ల శిబిరానికి పంపించింది. శరణు అన్నవారిని కాపాడుట ధర్మమన్న భావంతో చేసిన పని అది. బయటికి పొక్కితే ప్రాణాలకే ముప్పు. తరువాత ప్రభుత్వం ఆ కుటుంబాన్ని సత్కరించింది. నజీర్ అహ్మద్ గారికి అలహాబాదులో డిప్టీ ఇన్స్పెక్టరు పదవి లభించింది. ఆయన బాల్యం గడచిన పంజాబీ కట్రా, ఔరంగాబాదీ మసీదు మాత్రం తిరుగుబాటు అణచివేత తరువాత రైలుమార్గం కొరకు నేలమట్టమయ్యాయి. ఢిల్లీ ముస్లిం కుటుంబాలు అనేకం చెదరిపోయిన ఆ సంవత్సరాలలో ఒక మౌల్వీ కుటుంబం నిలదొక్కుకొన్నది. అందుకు కారణం ప్రతిభ మాత్రమే కాదని ఒప్పుకొనక తప్పదు. ప్రతిభ కల ఎందరో ఆ ఏడు నేల కూలినారు.

అలహాబాదులో ఆయన చేసిన అతి ముఖ్యమైన పని తన కొలువుకు సంబంధించినది కాదు. తండ్రి అప్పటికి గతించారు. ఆంగ్లం నేర్చుకొనడానికి అడ్డు లేదు. ఉద్యోగం చేస్తూనే, సంసారం మోస్తూనే, పాతికేండ్లు పైబడిన తరువాత అక్షరమాల నుండి మొదలుపెట్టి నిఘంటువు చేతబట్టుకొని ఆ భాషను సాధించారు. సరిగ్గా ఆ సమయానికే అవకాశం ఎదురువచ్చింది. 1860లో ఇండియన్ పీనల్ కోడ్ శాసనమైంది. దానిని ఉర్దూలోనికి తేవలసి ఉన్నది. ఆ పనికి నియమితులైన వారిలో నజీర్ అహ్మద్ గారు ప్రధానులు. ఆంగ్ల న్యాయభావాలకు ఉర్దూలో మాటలు లేవు; ఉన్న మాటలు ఇస్లామీయ ధర్మశాస్త్రానికి చెందినవి. అరబ్బీ ధాతువులపై ఆయనకు గల అధికారం ఇక్కడ అక్కరకు వచ్చింది. 'తాజీరాతె హింద్' అన్న పేరుతో వెలువడిన ఆ అనువాదం కల్పించిన పరిభాష ఉత్తర హిందూస్థానపు కచ్చేరీలలో తరతరాలు నలిగింది. మూలశాసనం 2024 జూలై 1న మన దేశంలో రద్దయి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది గాని, ఆ మాటలు మాత్రం ప్రజల నోట ఇంకా నిలిచియున్నవి.

ఒక విషయం విద్యార్థులు గమనించవలెను. తండ్రి నేర్పిన అరబ్బీ మాత్రమే ఉంటే ఆయన మౌల్వీగా మిగిలేవారు. ఇంగ్లీషు మాత్రమే ఉంటే వేయిమంది గుమాస్తాలలో ఒకరయ్యేవారు. రెండు భాషల నడుమ వంతెన వేయగలవాడు అరుదు గనుకనే ప్రభుత్వానికి ఆయన అవసరమైనారు. ఆ అనువాదానికి ప్రతిఫలంగా ఆయనను విద్యాశాఖ నుండి రెవిన్యూ శాఖకు మార్చి తహసీల్దారును చేశారు. 1863లో డిప్టీ కలెక్టరు అయినారు. విద్యాశాఖలోనే ఉండియుంటే ఆయన మెట్లు త్వరలోనే ముగిసేవి. ఉద్యోగంలో పైకి పోవడమంటే ఉన్న నిచ్చెనను ఎక్కడం మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు నిచ్చెననే మార్చుకొనడం.

అదే 1863వ సంవత్సరంలో సత్యేంద్రనాథ్ టాగూరు సివిల్ సర్వీసు పరీక్షలో ఉత్తీర్ణులైన ప్రథమ భారతీయుడని ఖ్యాతి గడించారు. ఆ పరీక్ష లండనులో జరిగేది. సముద్రం దాటిపోగల ధనమూ, లేబ్రాయమూ, ఆంగ్ల విద్యయూ ఉన్నవానికే అది సాధ్యం. పల్లె పంతులుగా మొదలుపెట్టి, దేశీయ సేవలో మెట్టు మెట్టు ఎక్కివచ్చినవానికి డిప్టీ కలెక్టరు పదవి దాదాపు ఆకాశపు అంచు. ఆపై నున్న కలెక్టరు కుర్చీలో ఇంగ్లండు నుండి వచ్చిన యువకుడు కూర్చుండేవాడు. వయస్సులోను, అనుభవంలోను చిన్నవాడైన అతని క్రింద తలనెరసిన డిప్టీలు పనిచేయవలసి వచ్చేది. నజీర్ అహ్మద్ గారు సుమారు పదునాలుగేండ్లు ఆ కప్పు క్రిందనే గడిపారు.

ఆ కాలంలోనే ఆయన గ్రంథకర్త అయినారు. అదియు కొలువు మూలంగానే జరిగింది. బదిలీలపై ఊరూరా తిరుగుతూ ఉండడం వలన పిల్లలకు చదివించుటకు తగిన పుస్తకాలు దొరకలేదు. అందువలన పెద్దకుమార్తె కొరకు 'మిర్ఆతుల్ ఉరూస్', చిన్నకుమార్తె కొరకు 'మున్తఖబుల్ హికాయాత్', కుమారుడు బషీరుద్దీన్ కొరకు 'చంద్ పంద్' తానే కొద్దికొద్దిగా వ్రాసి ఇస్తూ వచ్చారు. విద్యాశాఖ డైరెక్టరు కెంప్సన్ దొర పర్యటనలో ఉండగా, గుర్రపుపిల్లపై వస్తున్న చిన్నవాడు బషీర్ ఎదురుపడ్డాడు. ఏమి చదువుతున్నావని దొర అడుగగా తన పుస్తకం చూపి, అక్కగారి పుస్తకం ఇంతకన్న బాగుంటుందని చెప్పాడు. దొర ఆ వ్రాతప్రతిని తెప్పించుకొని చదివాడు. మంచి దేశభాషా గ్రంథాలకు ప్రభుత్వం అప్పటికే బహుమానాలు ప్రకటించి యున్నది. 'మిర్ఆతుల్ ఉరూస్'కు 1000 రూపాయల బహుమానం లభించింది. ప్రభుత్వం 2000 ప్రతులు కొన్నది. లెఫ్టినెంటు గవర్నరు సర్ విలియం మ్యూర్ స్వయంగా ఒక గడియారం బహూకరించాడు. 1870వ దశకంలో 'బనాతున్నఅష్', 'తౌబతున్నసూహ్' వెలువడ్డాయి. ఈ చివరి నవలను కెంప్సన్ దొరయే 1884లో ఇంగ్లీషులోనికి అనువదించాడు.

'మిర్ఆతుల్ ఉరూస్' కథానాయిక అస్గరీ నేర్పరియైన గృహిణి అని మాత్రమే పాఠాలలో చెప్పుతారు. ఆ పుస్తకంలో ఉద్యోగ ధర్మం కూడా ఉన్నది. ఆమె భర్త ముహమ్మద్ కామిల్ ఊరకే కాలం గడుపుతుండగా అస్గరీయే అతనిని చదువుకు పురికొల్పి, తండ్రి సిఫారసు కన్న తాను వెదకి తెచ్చుకొన్న చిన్న జీతపు కొలువే గౌరవమని నచ్చజెప్పుతుంది. అతడు వృద్ధిలోకి వచ్చి పరాయి ఊరిలో దుస్సాంగత్యంలో పడినప్పుడు తానే అక్కడికి పోయి దారికి తెస్తుంది. తాను ఇంట్లో బాలికలకు చదువు చెప్పుతుంది. జీతం మాత్రం తీసుకొనదు. ఒక పురుషుని పదోన్నతి వెనుక జీతం లేని స్త్రీ శ్రమ ఎంత ఉన్నదో డిప్టీ సాహెబుకు తెలియును. ఆ శక్తియంతా ఆమెకు తన సొంత ఉద్యోగంగా మారే మార్గం మాత్రం ఆనాటి కథలో లేదు, ఆనాటి లోకంలోనూ లేదు. నేడు మన తరగతి గదులలో బాలికలు నిండుగా కూర్చుండుట చూచినప్పుడు ఆ కాలానికీ ఈ కాలానికీ గల దూరం మాకు అర్థమవుతుంది.

1877లో ఆయన జీవితం దక్షిణాపథానికి తిరిగింది. హైదరాబాదు రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి ప్రధానమంత్రిగా ఉంటూ పాలనను సంస్కరిస్తున్నారు. అంతకు పూర్వం శిస్తు వసూలును గుత్తేదారులకు ఒప్పగించే పద్ధతి ఉండేది. దానిని తీసివేసి జీతాలు గల తాలూక్‌దారులను నియమించి, 1865లో జిలాబందీ అమలుపరిచారు. ఈ యంత్రాంగాన్ని నడుపుటకు భూమి బందోబస్తు, లెక్కలు, చట్టాలు తెలిసిన అనుభవజ్ఞులు కావలసి వచ్చారు. ఆంగ్ల ప్రభుత్వ సేవలో తర్ఫీదు పొంది, అక్కడి కప్పు తలకు తగిలి ఆగిపోయిన ముస్లిం అధికారులు ఆయన దృష్టిని ఆకర్షించారు. తరువాత మొహ్‌సినుల్ ముల్క్ అని ప్రసిద్ధులైన సయ్యద్ మెహదీ అలీ, వికారుల్ ముల్క్ అని ప్రసిద్ధులైన ముష్తాక్ హుసేన్ అప్పటికే హైదరాబాదు చేరియున్నారు. వీరి రాకలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి సిఫారసుకు ప్రాముఖ్యం ఉన్నది. నజీర్ అహ్మద్ గారు అదే బాటలో వచ్చారు. ఒక యజమాని నేర్పిన పనికి మరొక యజమాని ఎక్కువ వెల కట్టుట అంటే ఇదే. కుంజాహ్‌లో 40 రూపాయలతో మొదలైన జీతం హైదరాబాదులో రెవిన్యూ శాఖ ఉన్నత పదవులలో చివరికి 1700 రూపాయలకు చేరింది.

హైదరాబాదు కాలంలోనే రాచకార్యాల నడుమ ఆయన పవిత్ర ఖుర్ఆన్‌ను కంఠస్థం చేశారు. జిల్లాలలో తిరుగవలసిన అధికారి గనుక తెలుగు కూడా కొంత నేర్చుకొన్నారని చెప్పుతారు. ఆ రాజ్యంలో రైతు మాట తెలుగు, మరాఠీ, కన్నడం; దఫ్తరు భాష ఆనాడు పారశీకం. దున్నేవాని గోడు శిస్తు నిర్ణయించేవాని చెవికి చేరవలెనంటే నడుమ ఎన్ని నోళ్లు మారవలసి వచ్చేదో ఊహించవచ్చు. అట్టిచోట ఒక ఉత్తరాది అధికారి తెలుగు వైపు దృష్టి సారించాడన్న మాట, ఉర్దూ తెలుగులు రెండూ బోధించే మా వంటి వారికి ఆనందం కలిగిస్తుంది.

అయితే నాణెమునకు రెండవ వైపు కూడా చూడవలెను. ఉత్తరాది నుండి వచ్చిన ఈ సమర్థుల వలన పాలన చక్కబడినది నిజమే. కాని పెద్ద కొలువులన్నీ బయటివారికి పోవుట స్థానికులకు మనస్తాపం కలిగించినది కూడ నిజమే. ఒకనికి నిచ్చెన అయినది మరొకనికి గోడ అయినది. ముల్కీ, గైరు ముల్కీ వివాదంగా ఆ అసంతృప్తి తరతరాలు రగిలి 1952లోను, 1969లోను వీధులకు ఎక్కినది. ప్రతిభకు విలువ ఇవ్వవలసిందే. దానితోపాటు స్థానికుని ప్రతిభ పెరిగే బడిని కూడా యజమాని నిర్మించవలసి యుండును. ఆ రెండవ కర్తవ్యం ఆలస్యమైనందువలననే మొదటిది వివాదాస్పదమైనది.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించారు. దర్బారులో పక్షాలు, ప్రతిపక్షాలు తల ఎత్తినవి. ఏ ప్రధాని ఆదరణ చేత వచ్చారో ఆయనే లేనప్పుడు ఆ కొలువు నిలకడ ఎంతటిది? నజీర్ అహ్మద్ గారు 1884లో పదవి విరమించి, నెలకు 600 రూపాయల పింఛనుతో ఢిల్లీకి తరలిపోయారు. సంస్థానపు కొలువులో ఎదుగుదల వేగమెక్కువ, నిలకడ తక్కువ. ఆంగ్ల ప్రభుత్వపు కొలువులో నిలకడ ఎక్కువ, ఎదుగుదల తక్కువ. ఆయన రెండింటినీ అనుభవించి చూచినారు.

1888లో ప్రకటించిన 'ఇబ్నుల్ వఖ్త్' నవలలో ఈ అనుభవసారమంతా ఉన్నదని మా అభిప్రాయం. 1857లో నోబుల్ అనే ఆంగ్ల అధికారి ప్రాణాలు కాపాడిన కథానాయకుడు అతని ఆదరణతో పెద్ద ఉద్యోగి అవుతాడు. వేషం, భోజనం, నివాసం అన్నీ మార్చుకొంటాడు. నోబుల్ దొర స్వదేశం వెళ్లిపోతాడు. వచ్చిన క్రొత్త అధికారికి ఒక దేశీయుడు తనతో సమానంగా మెలగడం కంటగింపు. అటు స్వజనం దూరమై, ఇటు యజమానులు దగ్గరకు రానీయక కథానాయకుడు అప్పులపాలై నిలుస్తాడు. దీనిని సర్ సయ్యద్ మీద వ్యంగ్యమని కొందరు భావించారు. మాకు మాత్రం ఇది ఒక్క వ్యక్తి దయ మీద నిర్మించుకొన్న ఉద్యోగ జీవితపు విషాదంగా తోస్తుంది. కాన్పూరులో ఒక అధికారి విముఖతను, హైదరాబాదులో ఒక ప్రధాని మరణాన్ని చూచిన వాడు మాత్రమే ఇంత నిశితంగా వ్రాయగలడు.

పింఛను కాలం ఆయనకు విశ్రాంతి కాలం కాలేదు. వితంతువుల దుఃస్థితిపై 1891లో 'అయామా' వ్రాశారు. పవిత్ర ఖుర్ఆన్‌ను సులభమైన ఢిల్లీ ఉర్దూలోనికి అనువదించారు. విద్యాసభలలో ఆయన ఉపన్యాసాలకు జనం విరగబడి వచ్చేవారు. మరొక వైపు వర్తకులకు పెట్టుబడులిచ్చి వ్యాపారం కూడా చేశారు. లెక్కలలో బహు ఖచ్చితం, దుస్తులలో బహు నిరాడంబరం. అరబ్బీ నేర్చుకొనవచ్చిన కళాశాల విద్యార్థులకు ఉచితంగా పాఠం చెప్పేవారు. అట్టి శిష్యులలో ఒకరైన ఫర్హతుల్లా బేగ్ గారు తరువాత హైదరాబాదు రాజ్యంలో న్యాయశాఖలో ఉద్యోగించి, గురువు గారి రూపాన్ని, ముచ్చటలను గుణదోషాలతో సహా చిత్రించి ఉర్దూ గద్యంలో చిరస్మరణీయం గావించారు. 1908లో వెలువరించిన ఒక గ్రంథంలోని భాష పట్ల ఉలమాలు ఆగ్రహించి ప్రతులను దహనం చేయించడం ఆయన చివరి దినాలలో కలిగిన గాయం. 1897లో షమ్సుల్ ఉలమా బిరుదము, 1902లో ఎడింబరో విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టమూ ఆయనకు లభించాయి. 1912 మే 3న ఢిల్లీలో పరమపదించారు.

ఈ జీవితం నుండి మనము గ్రహించవలసినది కష్టపడినవానికి ఫలితం దక్కునను సామాన్య నీతి మాత్రమే కాదు. ఆయనతో ఆ మసీదులో రొట్టెలు పంచుకొన్న తక్కిన పిల్లలు కూడా కష్టపడినవారే. వారిలో డిప్టీ అయినవాని పేరు మాత్రమే మనకు తెలుసు. తేడా కలిగించినవి ఏవి? ఉపకార వేతనమిచ్చిన ఒక కళాశాల; పల్లెకు పోవుటకు జంకని యువకుని సాహసం; ఒక శాఖలో పనిచేస్తూ మరొక శాఖకు పనికివచ్చే విద్యను సంపాదించిన దూరదృష్టి; ఆ విద్యను గుర్తించి బహుమానమిచ్చే పద్ధతి కల యజమాని; కప్పు తగిలినచోట మరొక రాజ్యంలో తెరచియున్న ద్వారం. ఇందులో సగం మనిషి చేతిలోనివి, సగం సంస్థల చేతిలోనివి.

కనుక విద్యార్థులకు మా మనవి. మొదటి కొలువును జీతంతో మాత్రమే తూచవద్దు. అది ఏమి నేర్పునో, దాని నుండి తదుపరి ద్వారం ఎటు తెరచుకొనునో చూడండి. ఇంటి భాషను చిన్నచూపు చూడవద్దు. దానితోనే తృప్తిపడి ఆగవద్దు. ఉర్దూ మాధ్యమంలో చదివిన మన పిల్లవానికి తెలుగు, ఇంగ్లీషు రెండూ చేతికందితే వంతెన వేయవలసిన చోట్లు మన రాష్ట్రాలలో నేటికీ ఎన్నో ఉన్నవి. కచ్చేరీలు, ఆస్పత్రులు, పత్రికలు, పాఠశాలలు అట్టి వారి కొరకు ఎదురుచూస్తున్నవి. ఇక పెద్దలకు, సంస్థలు నడిపేవారికి ఒక మాట. జనంలో త్రోయబడి మన గడప ముందు పడే పిల్లవాడు ఏటేటా ఉంటాడు. అతనిని లేవనెత్తి నీవేమి చదువుతున్నావని అడిగే నాథుడూ, అడిగిన పిమ్మట ఇచ్చేందుకు ఒక ఉపకార వేతనమూ మన వద్ద ఉన్నవా అన్నది మనమందరమూ చూచుకొనవలసిన విషయం.